సగం మాట నాది, సగం గంగామణిది

నిజామాబాద్ వెళ్లి వచ్చానని చెబితే మా రేపల్లెలో అందరూ అడిగిన మాట ఒకటే: "అక్కడ ఏం గుడి ఉంది రత్నమ్మా?" గుడి ఉంది. చూశాను కూడా. కానీ నేను వెళ్లింది గుడి కోసం కాదు. గంగామణి అనే మనిషి పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే వినడానికి వెళ్లాను. నాలుగు రోజులు ఇడ్లీ కొట్టు మూసుకుని, రెండు రైళ్లు మారి, ఇందుకా అంత దూరం వెళ్లావు అని నవ్వినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. మా కొట్టు ఎదురుగా సాయంత్రం బడి పెడితే, గిన్నెలు తోముకున్నాక వెళ్లి వెనక వరుసలో కూర్చునేదాన్ని. అరవైకి వచ్చేసరికి ఇంగ్లీషు మీద మనసు పోయింది. హైదరాబాద్‌లో ఉండే ఒక రిటైరైన టీచరమ్మ మాలాంటి ఆడవాళ్లకు ఫోనులో పాఠం చెబుతుంది. మేమంతా ఆవిడను మేడం అంటాం. రోజుకు పది జంట మాటలు తెలుగు అక్షరాల్లో రాసి పంపుతుంది. ఇంగ్లీషులో ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో, అదే ఆవిడ పాఠం. వాన పక్కన 'హెవీ', టీ పక్కన 'స్ట్రాంగ్'. వాన పక్కన 'స్ట్రాంగ్' పెడితే ఎవరికీ అర్థం కాకుండా పోదు. ఇడ్లీని మజ్జిగలో పిసుక్కుని తిన్నా కడుపు నిండుతుంది, కానీ చూసినవాళ్లు చేతిలో ముద్ద ఆపి మనవైపు చూస్తారు. అలా ఉంటుందన్నమాట.

మనం పనీ చేస్తాం, తప్పూ చేస్తాం. వాళ్లు పనికి 'డూ' అంటారు, తప్పుకు 'మేక్' అంటారు. ఎందుకలా అని అడిగాను. "కారణం లేదమ్మా, వాళ్లకు అలా అలవాటైంది" అంది మేడం. తప్పు కూడా గారెల్లాగా తయారు చేసే వస్తువేనా అని నేను చాలా రోజులు ఆలోచించాను.

మేడం మాలో ఇద్దరిద్దరిని జోడీగా కుదిర్చింది. నా జోడీ గంగామణి. నిజామాబాద్ పక్కన మాక్లూర్‌లో ఆడవాళ్లు పనిచేసే పసుపు కేంద్రంలో ఆమె పని. ఏడాదిన్నర నుంచి రోజూ పదకొండింటికి, పొద్దుటి ఇడ్లీ అయిపోయాక, ఆమెకు ఫోను చేసేదాన్ని. ఆమె చేతులు మోచేతుల దాకా పసుపు. ఫోను ముట్టుకోలేదు. గూట్లో పెట్టి స్పీకరు ఆన్ చేయించుకునేది. కాబట్టి కాగితం చూసి చదవడం నా వంతు. నేను ఇక్కడ 'హెవీ' అనేదాన్ని, అక్కడి నుంచి 'రెయిన్' అని కేక వచ్చేది. 'స్ట్రాంగ్' అంటే 'టీ'. ఒక్కటి తప్పేది కాదు. మా కొట్టుకు టీకి వచ్చేవాళ్లు కూడా ఆ గొంతుకు అలవాటు పడిపోయారు.

ఈ ఫిబ్రవరిలో ఆ కేంద్రాన్ని చూడటానికి విదేశం వాళ్లు వస్తున్నారని తెలిసింది. ఇదివరకు ఒకసారి ఎవరో వచ్చినప్పుడు, టై కట్టుకున్న ఒకాయన బయటి నుంచి వచ్చి గంటసేపు యంత్రాల గురించి చెప్పాడట. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టే ఆడవాళ్లను మాత్రం దండలు పట్టుకుని గోడ పక్కన నిలబడమన్నాడట. ఈసారి గంగామణి మేనేజరు ముందు నిలబడి, "మా పని మేమే చెప్తం. నేను చెప్త, ఇంగ్లిష్‌ల చెప్త" అనేసింది. అనేశాక భయం పట్టుకుంది. "అక్కా, ఒక్కపారి రా. నువ్వు ఎదురుంగ ఉంటే నాకు ధైర్యం" అంది. అందుకే రైలెక్కాను.

కంఠేశ్వర్: ఇక్కడ ఆకలి అవుతుంది

ఏడాదిన్నర మాట్లాడుకున్నాం గానీ ఒకరినొకరం ఎదురుగా చూసుకోలేదు. స్టేషన్లో గంగామణిని గోళ్లను బట్టి పట్టుకున్నాను. పది గోళ్లూ పసుపు. యాభై ఏళ్ల మనిషి, సన్నగా, చురుగ్గా ఉంది.

"ఫోటోల కన్న పొట్టిగున్నవ్ అక్క!"

"నువ్వు గొంతులో కన్నా చిన్నగా ఉన్నావే!"

ఆటోలో కంఠేశ్వర్ వెళ్లేదాకా నేను దారిలో కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదివాను. ఇది నాకు లేటుగా పట్టుకున్న జబ్బు. బట్టల షాపు, పళ్ల డాక్టరు, ఎరువుల దుకాణం, మళ్లీ పళ్ల డాక్టరు. ఆటో నడిపే ఆయన అద్దంలో చూస్తూ, "అమ్మా, మీరు సర్వే డ్యూటీ మీద అచ్చిండ్రా?" అని అడిగాడు. మధ్యలో ఉర్దూ బోర్డులు వచ్చాయి. అప్పుడు నోరు మూతపడింది. పదేళ్ల కిందట నాకు తెలుగు బోర్డు కూడా ఇలాగే కనిపించేది, అందమైన గీతల్లాగా. ముప్పై రూపాయలు ఇచ్చి దిగాం.

గంగామణి ఆ పేటలోని శివుడి గుడికి రెండు సందుల అవతల ఒక గది అద్దెకు తీసుకుని ఉంటుంది. చెప్పులు విప్పగానే, "ఆకలైతుందా అక్క?" అంది.

"మా వైపు ఆకలి అవదు. వేస్తుంది."

"ఏస్తదా! మా దిక్కు అయితది. మరి దూప?"

"దాహం కూడా వేస్తుంది. చలి కూడా వేస్తుంది."

"అన్నీ ఏసుడేనా మీకు? నవ్వు?"

"నవ్వు వస్తుంది."

"హమ్మయ్య. నవ్వు మాకు గూడ అస్తది" అంది. ఇద్దరం గుమ్మంలోనే కూలబడి నవ్వుకున్నాం. ఇద్దరిదీ తెలుగే. అయినా ఒకరి ఆకలి ఇంకొకరి చెవికి కొత్తగా ఉంది. మరి ఏ దేశందో అయిన ఇంగ్లీషులో మాటకు జోడీ మనం ఎలా ఊహించగలం? అప్పుడు నాకు మేడం చెప్పిన 'అలవాటు' అనే మాట అర్థమైంది.

తినడానికి జొన్న రొట్టె, పచ్చి పులుసు, ఎల్లిపాయ కారం పెట్టింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిరప పిసికి అలాగే పోసుకుంటారు. మొదటి ముద్దకు కళ్లు మూసుకున్నాను, మూడో ముద్దకు ఇంకొంచెం పొయ్యమన్నాను.

పసుపు యార్డులో ఒక చప్పుడు

మంగళవారం పొద్దున్నే నా వృత్తి ధర్మం కొద్దీ ఇడ్లీ తిన్నాను. ప్లేటు నలభై. మా కొట్లో ముప్పై. ఇడ్లీ కాస్త గట్టి, చట్నీ మాత్రం పల్లీలతో చేసింది, రెండుసార్లు అడిగి పోయించుకున్నాను. మా చట్నీకి ఏం తక్కువైందో అక్కడ తెలిసింది.

మాక్లూర్ వెళ్లే ముందు గంగామణి నన్ను మార్కెట్ యార్డుకు తీసుకెళ్లింది. కుప్పలు కుప్పలుగా పసుపు కొమ్ములు. ఒక కుప్ప దగ్గర మరాఠీ, ఇంకో కుప్ప దగ్గర ఉర్దూ, మధ్యలో తెలుగు. గాలి పీలిస్తే తుమ్ము. నేను తుమ్మీ తుమ్మీ కళ్ల నీళ్లు పెట్టుకుంటే ఒక రైతు నవ్వి, ఒక కొమ్ము తీసి నా చెవి దగ్గర పెట్టి విరిచాడు. టక్‌మని లోహం తగిలినట్టు చప్పుడైంది.

"గిట్ల మోగాలె అమ్మా. మెత్తగ ఇరిగిందనుకో, లోపట తడి ఉన్నట్టు. ధర రాదు."

"ఎన్ని రోజులు ఎండాలి?"

"పదిహేను రోజులు మొగులు దిక్కు సూసుకుంట కూసోవాలె" అన్నాడు. మొగులంటే మబ్బు.

మాక్లూర్: తోక ఉంది, తల లేదు

కేంద్రం ఊరి చివర ఉంది. రేకుల షెడ్డు, ఉడకబెట్టే పెద్ద డ్రమ్ములు, ముందు పరిచిన కొమ్ములతో పచ్చగా మెరిసే కళ్లం. పన్నెండు మంది ఆడవాళ్లు. వాళ్లలో పెద్దది పోశవ్వ, డెబ్బై ఉంటాయి. నన్ను కింది నుంచి పై దాకా చూసి, "గీ అవ్వేనా, రోజు ఫోన్ల నుంచి లొల్లి పెట్టేది?" అంది. నాకు ఆ ఊళ్లో అప్పటికే పేరుందని తెలిసి సంతోషమైంది.

మేనేజరు ముప్పై ఏళ్లవాడు, మంచివాడే, భయస్థుడు. గురువారం వచ్చేవాళ్ల గురించి మాకన్నా అతనికే ఎక్కువ గుబులు. "నేనే విజిటర్ అనుకో అక్క. షురూ చెయ్" అన్నాడు.

గంగామణి చేతులు కట్టుకుని నిలబడింది. "గుడ్ మార్నింగ్. వెల్కమ్" అంది. ఆ తరువాత ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. డ్రమ్ము కింద మంట చప్పుడు వినిపిస్తోంది. మేనేజరు సాయం చేద్దామని, "గిర్నీల పిండి పట్టించేది చెప్పు అక్క" అన్నాడు.

"వీ... వీ క్యాచ్ పౌడర్."

మేనేజరు రెండు చేతులూ చాచి బంతి పట్టుకున్నట్టు గాలిలో పట్టి చూపించాడు. ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. గంగామణి కూడా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. మనం పిండి పట్టిస్తాం. ఇంగ్లీషులో పిండిని పట్టరు, 'గ్రైండ్' చేస్తారు. ఆ మాట మేము నెల రోజులు చదివాం. ఆమెకు తెలియకపోవడమేమిటి?

నేను ఆగలేకపోయాను. అక్కడి నుంచే "హెవీ!" అన్నాను.

"రెయిన్!" అంది గంగామణి తుపాకీ పేలినట్టు.

"స్ట్రాంగ్!"

"టీ!"

"గ్రైండ్!"

"పౌడర్!"

నాకు అప్పుడు తెలిసింది. ఏడాదిన్నరగా మొదటి మాట ఎప్పుడూ నేనే అన్నాను. రెండో మాట ఎప్పుడూ ఆమే అంది. ఆమె దగ్గర తోకలన్నీ భద్రంగా ఉన్నాయి, తల ఒక్కటి కూడా లేదు.

"గిదేంది?" అంది పోశవ్వ. "ఈమె తాళం కప్ప, ఆమె చెవి. ఇద్దరు ఒక్కకాడ ఉంటెనే తెర్సుకుంటదా?"

మేనేజరు మెల్లగా చెప్పాడు. "అక్కా, నా దగ్గర ఒక పేజీ టైపు చేసి ఉంది. గురువారం పదింటికి నువ్వే షురూ చెయ్. నడుమ ఆగితే మాత్రం నేను చదువుత. మన ఇజ్జత్ కదా."

గంగామణి తల ఊపింది. ఆటోలో కంఠేశ్వర్ వచ్చేదాకా నేను బోర్డులు చదవలేదు. తప్పు నాది. నేర్పుతున్నాననుకుంటూ సగం నా దగ్గరే ఉంచేసుకున్నాను.

బోధన్ బస్సు, నా చదువు

మిగిలింది బుధవారం ఒక్కటే. ఆ రోజు గదిలో కూర్చుని వల్లె వేద్దామంటే గంగామణి ఒప్పుకోలేదు. బోధన్ పక్కన ఆమె అన్న సాయన్న చెరుకు కొట్టిస్తున్నాడు. కొట్టేవాళ్లకు ఆ రోజు తిండి తను తెస్తానని మాటిచ్చింది. "ఇంగ్లిష్ రాకుంటె ఇజ్జత్ పోతది. రొట్టెలు రాకుంటె మనుషులు ఉపాసముంటరు" అంది. నలభై జొన్న రొట్టెలు మూట కట్టుకుని బస్టాండుకు వెళ్లాం.

అక్కడ నేను ఘనకార్యం చేశాను. ఒక బస్సు మీద 'బోధన్ - నిజామాబాద్' అని కనిపించింది. "ఇదే, ఎక్కు" అని గంగామణిని తోసి నేనూ ఎక్కాను. బస్సు ఖాళీగా ఉంటే మా అదృష్టం అనుకున్నాను. అది బోధన్ నుంచి అప్పుడే వచ్చిన బస్సు. తిన్నగా డిపోలోకి వెళ్లి ఆగింది. డ్రైవరు వెనక్కి చూసి, "మీరిద్దరు గూడ సర్వీసింగ్‌కు అచ్చిండ్రా?" అన్నాడు.

రొట్టెల మూటతో అర కిలోమీటరు వెనక్కి నడిచాం. చదువు రానప్పుడు నేను ముగ్గురిని అడిగి గానీ బస్సు ఎక్కేదాన్ని కాదు. చదువు వచ్చాక ఎవర్నీ అడగడం లేదు. నిన్నటి నుంచి బిగుసుకుపోయి ఉన్న గంగామణి ఈ నడకలో మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది. "డిపో చూపెట్టినవ్ అక్క. పుట్టి బుద్ధెరిగినంక నేను గూడ సూడలే."

చెరుకు తోటలో కోయతా

బోధన్ దాటాక దారికి రెండు వైపులా వరి, మధ్య మధ్య చెరుకు. ఒకప్పుడు ఇటు చూస్తే చెరుకే కనిపించేదట. ఇప్పుడు అక్కడో మడి, ఇక్కడో మడి. సాయన్నది రెండెకరాలు. గట్టు మీద కూర్చోబెట్టి చెరుకు గడ విరిచి చేతిలో పెట్టాడు. మా వైపు రసం బండి దగ్గర గ్లాసు ఇరవై. ఇక్కడ పళ్లతో చీల్చుకోవాలి. నాకు పక్కపళ్లు రెండే ఉన్నాయి, అయినా వదల్లేదు.

చెరుకు కొట్టడానికి సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మరాఠీవాళ్లు ఉన్నారు. అందరూ ఒక్కో సాలుకు, అంటే ఒక్కో వరుసకు, ఇద్దరిద్దరుగా పనిచేస్తున్నారు. ఒకరు కొడవలితో మొదలు నరికి ఆకు చెక్కుతుంటే, ఒకరు మోపు కడుతున్నారు. సఖుబాయి అనే ఆమెకు తెలుగు బాగానే వచ్చు. రొట్టె తింటూ చెప్పింది.

"మాకాడ ఇద్దరిని కలిపి ఒక కోయతా అంటరు. కోయతా అంటె ఈ కొడవలి. నువ్వు ఒక్కదానివి వస్తే పని ఇయ్యరు. లెక్కల ఎన్ని కోయతాలు అంటరు, ఎంతమంది అని అడగరు."

"మరి నువ్వెప్పుడూ మోపు కట్టడమేనా?"

"నేనెందుకు ఊకుంట?" అంది సఖుబాయి. పక్కనే ఉన్న మొగుడిని మోచేత్తో పొడిచింది. "ఒక సాలు ఈయన కొడతడు, నేను కడత. ఇంకో సాలు నేను కొడత, ఈయన కడతడు. ఒక్కటే పని చేస్తే నడుము పడిపోతది. ఈయనకు జరం అచ్చి పంటె ఏం చెయ్యాలె? కట్టుడొక్కటే అచ్చినదానికి చెరుకు ఎవలు కొట్టిస్తరు?"

గంగామణి రొట్టె నమలడం ఆపింది. నేనూ ఆపాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"ఇగ నేను కొడత, నువ్వు కట్టు అక్క" అంది.

చేతులు కడుక్కుని గట్టు మీద ఎదురెదురుగా కూర్చున్నాం. కాగితాలు నా సంచిలో ఉన్నాయి, ఈసారి అవి ఆమె ఒళ్లో పెట్టాను. గంగామణి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. "పే."

నేను ఆలోచించాను. 'పే' తరువాత... ఏడాదిన్నరగా కనీసం వంద సార్లు చదివిన మాట. నోటికి రాలేదు.

"పే!" అంది మళ్లీ.

"డబ్బులు?" అన్నాను.

"అటెన్షన్! పే అటెన్షన్! నువ్వే చదివినవ్ గదనే తల్లీ!"

ఇక సఖుబాయి దంపతులు, సాయన్న, పక్క సాలువాళ్లు అందరూ పని ఆపి మా చుట్టూ చేరారు. నా దగ్గర తలలే ఉన్నాయి, తోకలు లేవు. నేను నీళ్లు నమిలిన ప్రతిసారీ సఖుబాయి మొగుడు "గయా!" అని, అంటే పోయిందని, కేక పెట్టేవాడు. ఆమె 'టేక్' అంటే నేను 'రెస్ట్' అన్నప్పుడు మాత్రం చప్పట్లు కొట్టారు. నా జన్మలో ఇన్ని తప్పులు ఒక్క పూటలో, ఇంత ఆనందంగా చేయలేదు.

సాయంత్రానికి ఒక సాలు ఆమె, ఒక సాలు నేను, అలా పాఠమంతా నరికి మోపు కట్టాం. ఆ తరువాత గంగామణి నన్ను చెయ్యెత్తి ఆపి, గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ తలా తోకా తనే చెప్పుకోవడం మొదలుపెట్టింది. తిరుగు బస్సులో కూడా అదే. కండక్టరమ్మ టికెట్టు కొడుతూ కాసేపు విని, "మిస్ ద బస్ అని గూడ ఒకటుంటది, రాసుకోండ్రి" అంది. డిపో సంగతి ఆమెకు ఎవరు చెప్పారో మరి.

సాయన్న ఇచ్చిన బెల్లం గడ్డ నా సంచిలో ఉంది.

గురువారం, పది గంటలు

ముగ్గురు వచ్చారు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగాయన. ఇటలీ అని మేనేజరు చెప్పాడు. అంటే ఇంగ్లీషు వాళ్ల ఇంటి భాష కూడా కాదు. గుమ్మంలోనే పోశవ్వ ఆ ఆడవాళ్లను పీట మీద కూర్చోబెట్టి పాదాలకు పసుపు రాసింది, బొట్టు పెట్టింది. మా వైపు పేరంటాల్లో రాస్తాం గానీ పరాయి దేశం వాళ్లకు రాయడం నేను చూడలేదు. తెల్ల జుట్టావిడ తన పాదాలను తనే కొత్తగా చూసుకుంది.

మేనేజరు జేబులో మడిచిన కాగితం అంచు కనిపిస్తోంది. నేను షెడ్డు తలుపు దగ్గర, ఆడవాళ్ల మధ్య నిలబడ్డాను.

"గుడ్ మార్నింగ్. వెల్కమ్. మై నేమ్ గంగామణి" అంది. ఒక్క క్షణం ఆగి, "వీ వాష్ టర్మరిక్. వీ బాయిల్ వాటర్. వీ డ్రై ఇన్ ద సన్, ఫిఫ్టీన్ డేస్" అంది. ఒక్కో మాటకు ఒక్కో అడుగు వేస్తూ డ్రమ్ము దగ్గరి నుంచి కళ్లం దాకా వాళ్లను నడిపించింది. కళ్లం దగ్గర ఆగిపోయింది. తరువాతి మాట 'టేక్ కేర్'. 'టేక్' నా నాలుక చివర ఉంది. నేను అంటే ఆమె టక్కున 'కేర్' అంటుంది, బండి నడిచిపోతుంది. కానీ అప్పుడు అది మళ్లీ సగం మాటే. సంచిలో చెయ్యి పెట్టి బెల్లం ముక్క విరిచి నోట్లో కుక్కుకుని పెదాలు బిగించాను. పక్కనున్నామె నన్ను వింతగా చూసింది.

"వీ టేక్... వీ టేక్ కేర్" అంది గంగామణి. "వీ గ్రైండ్ పౌడర్."

పాఠం అయిపోయింది. నేను ఊపిరి పీల్చుకుంటుండగా తెల్ల జుట్టావిడ ఏదో అడిగింది. మొదటిసారి ఎవరికీ అందలేదు. ఆవిడ మళ్లీ నెమ్మదిగా అడిగింది: "వాట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ యూ?" మీకు కష్టమైంది ఏది, అని. మా కాగితాల్లో ఈ ప్రశ్న లేదు, దీనికి జవాబూ లేదు. మేనేజరు చెయ్యి జేబు మీదికి వెళ్లింది.

"జెర ఆగు సార్" అంది గంగామణి అతనివైపు చూడకుండానే. కళ్లంలోకి చూసింది. పైకి చూసింది.

"వర్క్, నో ప్రాబ్లం. సన్, నో ప్రాబ్లం. టర్మరిక్ అవుట్‌సైడ్. క్లౌడ్ కమ్స్. కవర్ ఓల్డ్, మెనీ హోల్స్. హెవీ రెయిన్, ఆల్ బ్లాక్. ఫిఫ్టీన్ డేస్, వీ లూజ్ స్లీప్."

తెల్ల జుట్టావిడ ముఖం మారిపోయింది. "మై ఫాదర్!" అంది గుండె మీద చెయ్యి పెట్టుకుని. వాళ్ల నాన్నకు ద్రాక్ష తోట ఉండేదట. మబ్బు పడితే ఆయనా అంతేనట. ఇక ఇద్దరూ చేతులు పట్టుకుని కళ్లం గట్టున నిలబడి మాట్లాడుకోసాగారు. వేళ్లు ఆకాశం వైపు, కొమ్ముల వైపు తిరుగుతున్నాయి. మాటల్లో సగం నాకు అందలేదు.

మధ్యలో నీళ్ల కోసం వచ్చినప్పుడు గంగామణి చెయ్యి పట్టుకుని ఆపాను. "'లూజ్ స్లీప్' ఎక్కడిదే? మన కాగితాల్లో లేదు. నేను చెప్పలేదు."

"ఏమో అక్క" అంది. నిజంగానే ఆలోచించింది. "ఆమె అడిగింది. నాకు ఉన్నది చెప్పబుద్దయింది. రెండు మాటలు కలిసే అచ్చినయ్."

తలుపు దగ్గరి ఆడవాళ్లు నా మీద పడ్డారు. "ఏం చెప్పిందవ్వా? గంతగనం ముచ్చటేంది?" నేను తెలుగులో చెప్పాను. మబ్బు పడితే మనకు నిద్ర ఉండదని చెప్పింది, కొమ్ముల మీద కప్పే కవర్లకు చిల్లులని చెప్పింది, పసుపు తడిసి నల్లబడుతుందని చెప్పింది.

పోశవ్వ నడుము మీద చేతులు పెట్టుకుంది. "గంతేనా? గీ ముచ్చట నేను తెలుగుల పదేండ్ల సంది మొత్తుకుంటున్న. ఎవలన్న ఇన్నరా? ఇంగ్లిష్‌ల చెప్పంగనే అందరికి చెవులు అచ్చినయా?"

షెడ్డంతా నవ్వు. మేనేజరు ముఖం ఎర్రబడింది. పారిపోలేదు గానీ. "ఇన్న అవ్వా, ఇప్పుడు ఇన్న" అన్నాడు. "వచ్చే సోమవారం లోపట కొత్త కవర్లు తెప్పిస్త. ప్రామిస్."

కళ్లం గట్టు నుంచి గంగామణి ఇటు తిరిగింది. అతిథులకు కూడా వినబడేలా గొంతు పెంచింది. "మేక్ ప్రామిస్, ఈజీ సార్. కీప్ ప్రామిస్."

ముందు చప్పట్లు కొట్టింది తెల్ల జుట్టావిడ. ఆ తరువాత, అర్థం కాకపోయినా, పోశవ్వ.